తెరమీద ఫైటు వేరు... వీధిలో దెబ్బ వేరు!

పోయిన వారం మన 'ఇంటర్వెల్ కబుర్ల'కి వచ్చిన ఉత్తరాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటిది చదివితే నవ్వొచ్చింది. రెండోది చదివాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

మొదటిది ఇంటర్ చదివే ఓ తమ్ముడిది. "అన్నా! ఒక్కడే ఇరవైమంది రౌడీల్ని మట్టి కరిపించాలంటే కరాటే బెస్టా, కుంగ్‌ఫూ బెస్టా, కిక్ బాక్సింగ్ బెస్టా? ఆరునెలల్లో వచ్చేదేదో చెప్పు చాలు" అంటాడు.

రెండోది డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఓ చెల్లెలిది. "రోజూ కాలేజీనుంచి వచ్చేటప్పుడు ఒకడు బస్టాపు దగ్గర నిలబడి వుంటాడు. ఇంటి సందుదాకా వెనకే వస్తాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని భయం. ఏదైనా ఫైటింగు విద్య నేర్చుకుందామనుకుంటున్నాను. ఏది నేర్చుకోమంటారు? ఒక్క మాటలో చెప్పండి" అని రాసింది.

ఒక్క మాటలో చెప్పగలిగితే ఈ పేజీ ఎందుకమ్మా? అయినా నీ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఈ వారం కలం కింద పెట్టను. ముందు తమ్ముడి సంగతి తేల్చి నీ దగ్గరికొస్తాను.

*కాల్షీటున్న ఫైటరు*

తమ్ముడూ, కొన్నేళ్ళ క్రితం ఓ సినిమా ఫైటు షూటింగు చూడ్డానికి వెళ్ళాను. హీరోగారు గుద్దారు. ఫైటరు గాల్లో తిరిగి దబ్బున పడ్డాడు. నేను "అబ్బ!" అన్నాను. పక్కనున్న అసిస్టెంటు డైరెక్టరు నవ్వాడు. ఎందుకంటే గుద్దుకీ, ఆ ఫైటరు దవడకీ మధ్య జానెడు ఖాళీ వుంది! కెమెరా భుజం వెనకనుంచి చూస్తోంది కాబట్టి ఆ ఖాళీ కనపడదు. పడ్డచోట కెమెరాకి అందకుండా పరుపు వుంది. నడుముకి తాడు వుంది. ఫైట్ మాస్టరు లెక్కపెడుతుంటే ఒకటికి గుద్దు, రెండుకి తిరుగుడు, మూడుకి పడటం. 'డిష్యుం' అనే చప్పుడేమో తర్వాత ఎప్పుడో థియేటర్లో కూర్చుని కలుపుతారు.

టీ బ్రేకులో ఆ ఫైటర్ని అడిగాను. "మీరు ఇంత బాగా చేస్తారు కదా, నిజంగా వీధిలో ఎవడైనా మీదకొస్తే ఏం చేస్తారు?"

అతను టీ ఊదుకుంటూ చెప్పాడు. "పారిపోతానండీ! రేపు పొద్దున ఏడింటికి నాకు కాల్షీటుంది."

తమ్ముడూ, ఇరవైమందిని కొట్టే విద్య ఏదని అడిగావు గదా. అది ఏ మాస్టరు దగ్గరా లేదు. ఇరవైమంది కాదు, ఇద్దరొస్తేనే లెక్క మారిపోతుంది. సినిమాలో రౌడీలు క్యూలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు వస్తారు, వాళ్ళకి డబ్బిచ్చేది మన ప్రొడ్యూసరు కాబట్టి! వీధిలో వాడికి జీతమిచ్చేది మన ప్రొడ్యూసరు కాదు.

*నా బ్రౌన్ బెల్టు కథ*

ఇదంతా పుస్తకాలు చదివి చెప్పడం లేదు. 1999లో 'తమ్ముడు' వచ్చినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. పవన్ కల్యాణ్ కిక్ బాక్సింగు చూసి మా వూళ్ళో కుర్రాళ్ళందరం గోడల్ని గుద్దాం. చేతులు వాచాయి, గోడలకేం కాలేదు. 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' చూసొచ్చిన మర్నాడే వెళ్ళి ఓ కరాటే క్లాసులో చేరిపోయాను. ఆ క్లాసు పేరు, మాస్టరుగారి పేరు వద్దులెండి.

ఆరేళ్ళు నేర్చుకున్నాను. తెల్ల బెల్టు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది, చివరికి బ్రౌను దాకా వచ్చింది. ప్రతి బెల్టుకీ పరీక్ష ఫీజు, సర్టిఫికెట్టు, ఫొటో. వరసలో నిలబడి గాల్లో గుద్దేవాళ్ళం, గాల్లో తన్నేవాళ్ళం. ఎదురుగా వున్నవాడు చెయ్యి చాచి బొమ్మలా నిలబడితే వాణ్ణి మెలితిప్పి పడేసేవాళ్ళం. ఆ ఆరేళ్ళలో నన్ను నిజంగా కొట్టాలని ప్రయత్నించిన మనిషి ఒక్కడూ లేడు!

తర్వాత హైదరాబాదు వచ్చాను. ఒకరాత్రి సెకండ్ షో చూసి రూముకి నడిచి వస్తున్నాను. ఓ సందు మలుపులో బైకు ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఆరేళ్ళ విద్య ఏమైందో తెలుసా? ఆ క్షణంలో నాకు నా పేరు కూడా గుర్తు రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కాళ్ళు నావి కావు. చెంపమీద ఒక్కటి పడింది. కింద కూర్చుండిపోయాను. సెల్‌ఫోను వాళ్ళే జేబులోంచి తీసుకుని వెళ్ళిపోయారు.

అమ్మకి ఫోను బస్సులో పోయిందని అబద్ధం చెప్పాను. పోయిన ఫోను కంటే ఆ సిగ్గే ఎక్కువ బాధపెట్టింది. సెలవులకి వూరెళ్ళినప్పుడు మాస్టరుగారికి నిజం చెప్పాను. "నువ్వు స్టాన్సు సరిగ్గా వేసి వుండవు" అన్నారాయన.

అప్పుడర్థమైంది. నేను నేర్చుకున్నది నేల విడిచిన సాము!

కరాటేని తిడుతున్నాననుకోకండి. లోపం విద్యలో లేదు, నేర్పిన పద్ధతిలో వుంది. ఆ సంగతి నాకు బోధపరిచింది పదహారేళ్ళ అమ్మాయి. ఓ మిత్రుడు బలవంతంగా జూడో క్లాసుకి లాక్కెళ్ళాడు. మొదటిరోజే మాస్టరు నన్ను ఆ అమ్మాయితో పట్టుకోమన్నారు. నాకంటే ఇరవై కిలోలు తక్కువ వుంటుంది. అయిదు నిమిషాల్లో మూడుసార్లు నా వీపు నేలని తాకింది. "అన్నా, ఊపిరి బిగబట్టకండి" అని సలహా కూడా ఇచ్చింది!

*ప్రాణం తీసే విద్య కంటే ఆట మేలు*

ఎందుకలా జరిగింది? దానికి జవాబు 1882లో వుంది. ఆ సంవత్సరం జపాన్‌లో జిగోరో కానో అనే యువకుడు 'కోడోకాన్' అనే జూడో పాఠశాల పెట్టాడు. అప్పటికే అక్కడ జుజుత్సు అనే పాత యుద్ధవిద్య వుంది. అందులో కళ్ళు పొడవడం, వేళ్ళు విరవడం లాంటి భయంకరమైన పట్లున్నాయి. కాని అవి ఇంకో మనిషిమీద పూర్తి బలంతో రోజూ అభ్యాసం చేయడం కుదరదు గదా! కానో అలాంటివి పక్కన పెట్టి, మిగిలినవాటిని పూర్తి బలంతో, ఎదిరించే మనిషిమీద చేయించాడు. దీన్నే 'రందోరి' అంటారు.

చిత్రం చూడండి. ప్రాణం తీసే పట్టుని గాల్లో చేసినవాడికంటే, మామూలు పట్టుని రోజూ ఎదురుతిరిగే మనిషిమీద చేసినవాడే గట్టివాడవుతాడు. వాడికి మనిషి బరువు తెలుసు, కంగారు తెలుసు, దెబ్బ తిన్నాక మళ్ళీ లేవడం తెలుసు. ఒడ్డున కూర్చుని చేతులాడిస్తే ఈత రాదు, నీళ్ళల్లో దిగాలి.

బ్రూస్ లీ అభిమానులకి ఒక సంగతి. 'ఎంటర్ ది డ్రాగన్' 1973లో విడుదలయ్యేనాటికే, ఆ ఏడు జూలై 20న, తన ముప్ఫై రెండో ఏట ఆయన పోయాడు. అంతకు కొన్నేళ్ళ ముందు, 1960ల మధ్యలో, అమెరికాలో ఓక్లాండులో ఆయనకి ఒక నిజం ఫైటు జరిగింది. గెలిచాడు గాని తృప్తి పడలేదని ఆయన భార్య లిండా రాశారు. అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టిందట, ఆయాసమొచ్చిందట. ఆ తర్వాతే ఒకే పద్ధతిని పట్టుకు వేలాడటం మానేసి బాక్సింగునుంచి, కత్తిసామునుంచి కూడా పనికొచ్చేది తీసుకుని 'జీత్ కునే డో' తయారుచేశాడు. అంతటివాడే తన విద్యని అనుమానించి చూసుకున్నాడు. మనమెంత?

*సరే, ఏది ఎందుకు పనికొస్తుంది?*

బాక్సింగు: చిన్న విద్యలాగే కనిపిస్తుంది, నాలుగైదు గుద్దులు అంతే. కాని కొన్ని నెలల్లోనే దెబ్బని చూడటం, తప్పుకోవడం, కళ్ళు మూసుకోకుండా వుండటం వస్తాయి. కాళ్ళ కదలిక వస్తుంది. మన నిజామాబాద్ ఆడపడుచు నిఖత్ జరీన్ మొదట పరుగుపందేల్లో వుండి బాక్సింగులోకొచ్చి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియనయింది. ఒక జాగ్రత్త: గ్లవ్సు లేకుండా పిడికిలితో తలమీద గుద్దితే ఎముక విరిగేది మన చేతిదే. అరచేతి మడమతో కొట్టడం మేలు. తలకి దెబ్బలు తగిలే ఆట కాబట్టి రోజూ తల అదిరేలా కొట్టించే క్లాసైతే దణ్ణం పెట్టి వచ్చేయండి.

కిక్ బాక్సింగు, థాయ్‌లాండు వారి ముయే థాయ్: గుద్దుకి తోడు కాలు, మోకాలు, మోచెయ్యి. దగ్గరగా మీదపడిన మనిషికి మోకాలూ మోచెయ్యీ బాగా పనిచేస్తాయి.

జూడో, కుస్తీ, బ్రెజిలియన్ జుజుత్సు: పట్టుకున్నవాడి చేతుల్లోంచి బయటపడటం, పడిపోతే లేవడం నేర్పుతాయి. 1993 నవంబరు 12న అమెరికాలో డెన్వర్‌లో మొదటి యుఎఫ్‌సి పోటీలు జరిగాయి. బాక్సర్లు, కిక్కర్లు, బలాఢ్యులు వచ్చారు. ఎనభై కిలోలకి అటూఇటూగా వుండే రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని నేలమీదకి లాగి లొంగదీశాడు. మూడు పోటీలూ కలిపి అయిదు నిమిషాల్లో ముగిశాయి! అయితే అది రింగు. రోడ్డుమీద ఒకణ్ణి పట్టుకుని కింద పడుకుంటే వాడి స్నేహితుడు వచ్చి తలమీద తన్నుతాడు. అందుకని వీధి కోసం నేర్చుకునేవాడు కిందపడేయడం కంటే కిందపడ్డాక లేచి నిలబడటం ముందు నేర్చుకోవాలి.

కుస్తీ అంటే మనకి పరాయిది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారిని జనం కలియుగ భీముడన్నారు. హైదరాబాదు పాతబస్తీ తాలింఖానాల పేరు ఎవరికి తెలీదు? మీ వూళ్ళో మంచి తాలింఖానా వుంటే ఫీజు తక్కువ, చెమట ఎక్కువ.

కరాటే, తైక్వాండో: మన వూళ్ళలో సులభంగా దొరికేవి ఇవే. మన తెరమీద సుమన్, భానుచందర్ల కాలంనుంచి కరాటే మోజు తగ్గలేదు. దెబ్బ తగిలేలా పోటీపడే కరాటే పద్ధతులూ వున్నాయి, ఒయామా స్థాపించిన క్యోకుషిన్ అలాంటిదే. తైక్వాండోతో కాళ్ళకి వేగమొస్తుంది, కాని పోటీ నియమాల్లో ముఖంమీద గుద్దడం లేదు. కాబట్టి ముఖం కాపాడుకునే అలవాటు అంతగా రాదు. తడి రోడ్డుమీద, చెప్పులతో, తలెత్తున కాలెగరేస్తే మొదట పడేది మనమే!

అయికిడో: చూడ్డానికి నాట్యంలా వుంటుంది, మనసుకీ ఒంటికీ మంచిది. కాని చాలా క్లాసుల్లో ఎదుటివాడు సహకరించి పడతాడు. తొందరగా వీధికి పనికిరావాలనుకునేవాడికి ఇది దారి కాదు.

క్రవ్ మగా: ఆత్మరక్షణ కోసమనే పుట్టింది. మంచి మాస్టరు దొరికితే బంగారం. కాని 'పదిరోజుల్లో కత్తి లాక్కోవడం నేర్పుతాం' అనే బోర్డు కనిపిస్తే అటు తిరిగి చూడకండి. ఉత్తచేతులతో కత్తినుంచి కాపాడే ఖాయమైన పట్టు ఏ విద్యలోనూ లేదు. ఫోనడిగితే ఫోనివ్వండి, పర్సడిగితే పర్సివ్వండి. బతికుంటే బలుసాకు తినొచ్చు!

*క్లాసు చూసి చేరండి, బోర్డు చూసి కాదు*

చేరబోయేముందు ఒకరోజు ఓ మూల కూర్చుని చూడండి. చూడనివ్వని క్లాసు మనకొద్దు. వారంలో ఒక్కసారైనా ఎదిరించే మనిషితో సాధన చేయిస్తున్నారా? కొత్తవాళ్ళని సీనియర్లు జాగ్రత్తగా చూసుకుంటున్నారా, లేక సరదాకి చితకబాదుతున్నారా? ఆడపిల్లలున్నారా, వాళ్ళు ఇబ్బంది లేకుండా వున్నారా? ఒక పట్టు చూపించేటప్పుడు ఎవరిమీద చెయ్యి వేస్తున్నా అడిగి వేస్తున్నారా? బెల్టు పరీక్షల ఫీజుమీద వున్న శ్రద్ధ చెమటమీద వుందా?

ఇంకోమాట. ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో వున్న గొప్ప క్లాసు కంటే నడిచి వెళ్ళగలిగే మంచి క్లాసు మేలు. వారానికి మూడురోజులు, ఒక ఏడాది. అంతకంటే తక్కువలో వొంటికి ఏదీ పట్టదు తమ్ముడూ! నీ ఆరునెలల ముచ్చట కుదరదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. మీదపడినవాడినుంచి కాపాడుకోవడానికి కొడితే నేరం కాదు. కాని అవసరానికి మించి కొట్టే హక్కు లేదు. వాడు పారిపోతుంటే వెంటపడి చితగ్గొడితే అది ఆత్మరక్షణ కాదు, పగ. క్లైమాక్సులో హీరో చేసేది చాలావరకు రెండోదే. అందుకే శుభం కార్డు పోలీసులు రాగానే పడుతుంది. ఆ తర్వాత కోర్టు సీను మనకి చూపించరు!

*చెల్లెమ్మా, ఇక నీకు*

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏ విద్య నేర్చుకోవాలని అడిగావు. చెబుతాను. మీ వూళ్ళో బాక్సింగు క్లాసుంటే బాక్సింగు, జూడో వుంటే జూడో. రెండూ లేక కరాటే మాత్రమే వుంటే పైన చెప్పినట్టు చూసి చేరు. తప్పకుండా చేరు. కాని ఒక్కమాట. ఆ విద్య నీకు వచ్చేసరికి ఏడాది పడుతుంది. వాడు రేపు సాయంత్రం మళ్ళీ బస్టాపులో వుంటాడు. రేపటికి పనికొచ్చేది నీ దగ్గర ఇప్పుడే వుంది. అది నీ నోరు.

ముందు ఇంట్లో చెప్పు. అమ్మకి చెప్పలేకపోతే అక్కకి, పిన్నికి, లెక్చరరు గారికి, ఎవరో ఒక్క పెద్దమనిషికి చెప్పు. ఒంటరిగా మోయకు. వాడు ఏరోజు, ఎన్నింటికి, ఎక్కడదాకా వచ్చాడో ఓ కాగితంమీద రాసిపెట్టు. వద్దన్నా ఇలా వెంటపడటం న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారం నేరం. మన తెరమీద హీరోలు ఏళ్ళతరబడి ఇదే పని చేసి దానికి 'ప్రేమ' అని పేరు పెట్టారు. ఈ పత్రికలో రాసేవాడిగా ఆ సిగ్గులో నాకూ వాటా వుంది. 112కి ఫోను చేయొచ్చు. తెలంగాణలో అయితే 2014లో మొదలైన షీ టీమ్స్ వున్నాయి, ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడమే వాళ్ళ పని. నలుగురున్నచోట వాడివైపు తిరిగి, గట్టిగా, "ఎందుకు నా వెనక వస్తున్నావ్?" అని అడుగు. ఇలాంటివాడి బలమంతా నువ్వు మాట్లాడకపోవడంలోనే వుంటుంది. ఒంటరి సందులో మాత్రం నిలబడి వాదించకు. వెలుతురున్న షాపులోకి దూరిపో. ఈ విషయంలో నిలబడి నీళ్ళు తాగడం కంటే పరుగెత్తడమే మేలు!

ఇవన్నీ ఉత్త ధైర్యం మాటలు కావు. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు తొమ్మిది వందలమంది విద్యార్థినుల మీద ఒక పరీక్ష జరిగింది. 2015లో ఫలితాలు ప్రకటించారు. సగంమందికి మొత్తం పన్నెండు గంటల శిక్షణ ఇచ్చారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడైనా సరే మొహమాటం లేకుండా 'వద్దు' అనడం, అరవడం, అవసరమైతే కొట్టడం. ఏడాది తర్వాత చూస్తే, శిక్షణ లేని గుంపులో అత్యాచారానికి గురైనవారు 9.8 శాతం, శిక్షణ పొందినవారిలో 5.2 శాతం. పన్నెండు గంటలకే ఇంచుమించు సగానికి తగ్గింది! అందులో గాల్లో ఎగిరి తన్నడం లేదు. మొహమాటం వదులుకోవడం వుంది. మన దేశంలోనూ నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో ఏటేటా తేలేది ఇదే, ఇలాంటి కేసుల్లో నిందితులు చాలావరకు ముందే తెలిసినవాళ్ళు. చీకటి సందుకి భయపడమని నేర్పే మనం, తెలిసిన మనిషికి గట్టిగా 'వద్దు' అనడం మాత్రం ఎక్కడా నేర్పం.

అన్నిటికంటే ముఖ్యం, ఒకవేళ ఎప్పుడైనా భయంతో కాళ్ళూ చేతులూ ఆడకపోతే నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆరేళ్ళు నేర్చుకున్నవాడిని నేను, సందులో కూర్చుండిపోయాను. అది పిరికితనం కాదు, శరీరం చేసే పని. తప్పు మీదకొచ్చినవాడిది.

అన్నట్టు, పోయిన సంక్రాంతికి అమ్మకి ఆ ఫోను సంగతి నిజం చెప్పేశాను. ఇన్నేళ్ళ తర్వాత! తిడుతుందనుకున్నాను. "ఫోను పోతే పోయింది, నువ్వు ఇంటికొచ్చావు గదా" అంది. అంతే. అంత చిన్నమాట కోసం ఇన్నాళ్ళు మోశాను. నువ్వు అంతకాలం మోయొద్దమ్మా. ఈ వారమే చెప్పు. చెప్పానని ఓ ముక్క రాయి. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

తమ్ముడూ, నువ్వు కూడా క్లాసులో చేరు. ఇరవైమందిని కొట్టడానికి కాదు. మీ వూరి బస్టాపులో ఎవడైనా ఓ ఆడపిల్ల వెనకపడితే, పక్కకెళ్ళి నిలబడి "ఏంటి సంగతి?" అని అడిగేపాటి గుండెనిబ్బరం రావడానికి. అది వచ్చిన రోజున, బెల్టు లేకపోయినా ఫరవాలేదు, నువ్వే హీరోవి!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.